ఒప్పుకుంటే అయిపోతుందన్నారు

మా నూజివీడు వైపు మామిడి తోటల్లో కాపును పూత మీదే వ్యాపారులకు అమ్మేస్తారు. ఆ తర్వాత చెట్ల మీద ఉన్నదంతా వ్యాపారిదే, ఒక్క ఇంటి చెట్టు తప్ప. తోట యజమాని తన ఇంట్లోకి, చుట్టాలకు పంచడానికి ఒక చెట్టు ఉంచుకుంటాడు. ఆ సంగతి ఎవరూ కాగితం మీద రాయరు. బేరం రోజున తోటలో నిలబడి, అదిగో ఆ చెట్టు మాది అని నలుగురి ముందు వేలు పెట్టి చూపిస్తాడు. ఇక ఎవరూ దాని జోలికి పోరు.

ఆ ఏడు మా తోటాయన బెజవాడలో కూర్చుని బేరం ఫోన్లోనే కానిచ్చేశాడు. కొన్న వ్యాపారి చింతలపూడి వైపు మనిషి, మా తోటలకు కొత్త. హనుమాన్ జంక్షన్‌లో ఉండే దళారి ఇద్దరినీ కలిపాడు. రేటు మాట్లాడుకున్నారు, అడ్వాన్సు మాట్లాడుకున్నారు. ఇంటి చెట్టు మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. ఫోన్లో వేలు పెట్టి ఏ చెట్టును చూపిస్తాడు పాపం.

వేసవి సెలవుల్లో నేను ఆ తోటలో పనికి వెళ్తాను. మిగతా రోజుల్లో మా ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండుతాను. మా అత్తగారి తర్వాత ఆ ఇంటి చెట్టు కాయ కోసి పంపేది నేనే. ఒకరోజు తోటాయన ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, మన రసాలు తయారైపోయుంటాయి. కోసి ట్రేలకెత్తి బస్సుకి వేయించు."

గెడకు కట్టిన చిక్కంతో ఒక్కో కాయా దెబ్బ తగలకుండా దించాను. గడ్డి పరిచి ట్రేలలో సర్దుకుని గేటు దగ్గరికి వచ్చేసరికి వ్యాపారి ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఇది ఇంటి చెట్టు కాయండీ అన్నాను. ఏ ఇల్లు, ఎవరి చెట్టు అన్నాడు. అక్కడే తోటాయనకు ఫోన్ చేశాను. "నేను మాట్లాడతాలే" అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే స్విచాఫ్.

వ్యాపారి నన్ను దొంగనని పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్లాడు. ఈ కాస్త కాయకు కేసేంటని అక్కడ నవ్వారు. ఆ నవ్వుతో వ్యాపారికి పౌరుషం వచ్చింది. అంతకుముందే ఎవరో రాత్రిళ్లు తోటలో చెట్లు ఖాళీ చేసి ఉన్నారు. ఆ కాయంతా కూడా నేనే తోలేశానని రాయించాడు. అలా చిన్న కేసు పెద్ద కేసైంది. అరెస్టు చేయలేదు. నోటీసు చేతిలో పెట్టి, పిలిచినప్పుడల్లా రావాలని చెప్పి పంపారు. ఎవరో చేసిన దొంగతనానికి నా పేరు రాసుకుంటుంటే ఒళ్లు మండిపోయింది.

బడి తెరిచిన రోజు ఎసరు పెట్టబోతుంటే హెడ్‌మాస్టరు గారు పక్కకు పిలిచారు.

"కేసు తేలేదాకా రావద్దమ్మా. నా చేతుల్లో ఏం లేదు."

"కొట్టేస్తే రావచ్చాండీ?"

"కొట్టేస్తే రా. శిక్ష పడితే మాత్రం ఇంకెక్కడా ఈ పని దొరకదు."

అప్పటి నుంచి నాకు పట్టుకున్న భయం అదొక్కటే. జైలు గురించి కాదు. పొయ్యి దగ్గర నా చోటు పోతుందని.

మళ్లీ పూతలొచ్చే వేళకు సమన్లు వచ్చాయి. మొదట్లో వాయిదా మీద వాయిదా. వెళ్లినప్పుడల్లా ఆ రోజు కూలి పోయేది. మా ఆయన విసిగిపోయాడు. మా లాయరు లోక్ అదాలత్ రోజు చూసి, "ఒప్పేసుకో. ఫైన్ వేసి పంపేస్తారు, సాయంత్రానికి ఇంట్లో ఉంటావ్" అన్నాడు. "మరింకేం, ఒప్పేసుకో" అన్నాడు మా ఆయన. చేయని దొంగతనాన్ని సాయంత్రంలోగా చేసేయమంటున్నారు ఇద్దరూ కలిసి. అయినా నిజం చెప్పాలంటే నేనూ సరే అనుకునే వెళ్లాను. అంత అలసిపోయాను.

కోర్టు వరండాలో ఉచిత న్యాయ సహాయం బల్ల దగ్గర ఒక లాయరమ్మ కూర్చుని ఉంది. ఎందుకో ఆగి అడిగాను, ఒప్పుకుంటే కేసు కొట్టేసినట్టేనా మేడం అని.

ఆమె తలెత్తి చూసింది. "ఎవరు చెప్పారు? ఒప్పుకుంటే నేరం రుజువైనట్టే. ఫైన్ ఎంత తక్కువైనా శిక్ష శిక్షే. రాజీ పడితే వేరు. అప్పుడు నిర్దోషివి. కానీ రాజీకి కేసు పెట్టినాయన ఒప్పుకోవాలి."

ఇంకాసేపట్లో లోపల తలూపి బయటికొచ్చి, అంతా అయిపోయిందనుకుని బడికి వెళ్లేదాన్ని.

అప్పుడే గేటు బయట తోటాయన కారు కనిపించింది. పరుగెత్తాను. అద్దం సగం దించాడు.

"బాబుగారూ, ఒక్క మాట లోపలికొచ్చి చెప్పండి. ఆ చెట్టు మీదని చెప్తే చాలు."

"ఇప్పుడా మాటంటే వాడు బేరం తిరగదోడతాడు అమ్మాయ్. నువ్వు ఒప్పేసుకో. ఫైన్ నేను కడతాగా, అందుకే వచ్చా."

అద్దం పైకెత్తేశాడు. ఆయన చుట్టాలందరికీ కాయ నా చేతుల మీదుగానే వెళ్లింది ఇన్నేళ్లూ. ఆ అద్దం బద్దలు కొట్టాలనిపించింది.

లోపల నా పేరు పిలిచారు. మేజిస్ట్రేటు గారు, నేరం ఒప్పుకుంటున్నావా అని అడిగారు. మా లాయరు నా వైపు చూసి తల ఊపుతున్నాడు. వెనక మా ఆయన దగ్గాడు. నేను గేటు వైపు చూశాను. మేజిస్ట్రేటు గారు మళ్లీ అడిగారు.

"లేదండీ. నేను తీయలేదు. మా తోటాయన తన చెట్టు కాయ కోయమంటే కోశాను. ఆయన బయట కారులోనే ఉన్నారండీ."

మా లాయరు నుదురు కొట్టుకున్నాడు. వ్యాపారి లేచి నిలబడ్డాడు. "ఇంటి చెట్టని ఒకటుంటదని నాకెవరూ చెప్పలేదండీ. ఈవిడ చెప్తే నమ్మలేదు" అన్నాడు. మధ్యాహ్నం మళ్లీ పిలుస్తాను, ఈలోగా మాట్లాడుకోండి అన్నారు మేజిస్ట్రేటు గారు.

వ్యాపారి తిన్నగా కారు దగ్గరికి నడిచాడు. ఆ లాయరమ్మ, ఎవరూ అడగకపోయినా, వెంట వెళ్లింది. వాళ్లేం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు. కాసేపటికి తోటాయన కారు దిగి వచ్చి, వరండాలో నా వైపు చూడకుండా, "చెట్టు మాదే. చెప్పడం మర్చిపోయాం" అన్నాడు. మర్చిపోయారట. ఏడాది పైగా నన్ను దొంగను చేసిన మాట అంత తేలిగ్గా వచ్చేసింది. రాత్రిళ్లు పోయిన కాయ మాట కూడా ఇక ఎత్తనని వ్యాపారి రాజీకి సంతకం పెట్టాడు. మధ్యాహ్నం కేసు కొట్టేశారు. మా ఆయన నన్ను టీ కొట్టుకు తీసుకెళ్లి రెండు టీలు చెప్పాడు.

సోమవారం పొద్దున్నే కోర్టు కాగితం తీసుకుని బడికి వెళ్లాను. హెడ్‌మాస్టరు గారు చదివి, సంతోషం అన్నారు, ఈ రోజు నుంచే వండమన్నారు. నడుముకు కొంగు చుట్టుకుని స్టోరు గది తాళం చెవికి చెయ్యి చాపాను. ఇదివరకు అది నా దగ్గరే ఉండేది. ఆయన ఇవ్వలేదు. తనే వచ్చి తలుపు తీశారు. నేను బియ్యం కొలుస్తున్నంతసేపూ గుమ్మంలోనే నిలబడ్డారు.

"కోర్టు కొట్టేసింది కదండీ" అన్నాను.

"కోర్టు సంగతి కాదమ్మా" అన్నారాయన, నేల చూస్తూ.

నేను బియ్యం కొలవడం ఆపలేదు. బోనులో రాని ఏడుపు అక్కడ వచ్చింది.