బత్తాయి తొన

ఫిజిక్సు పరిశోధన వదిలేసి పత్రికలకు సైన్సు రాసే ప్రేమానందం, ఉదయగిరి పల్లెల్లో చేత బత్తాయి పట్టుకుని తిరిగేవాడు. అతను చెప్పే గ్రహణం పాఠంలో అదే సూర్యుడు. పాఠం చివర దాన్ని ఒలిచి తొనలు పంచుతూ, "కోట్ల ఏళ్ళకి సూర్యుడూ ఇట్లే అయిపోతాడు" అని నవ్వేవాడు. తొంభైఐదు గ్రహణానికి ముందు ఒక పల్లెలో ఎవరూ నవ్వలేదు. ముసలి లిదియమ్మ తొనను రెండు చేతులా అందుకుని, చర్చిలో ప్రభువు బల్ల దగ్గర ఇచ్చే రొట్టెలా కళ్ళు మూసుకుని తినింది.

గ్రహణం నాటి పొద్దున అతను ఆ పల్లెకే మళ్ళీ వెళ్ళాడు. విత్తనాల అదునులో చేలన్నీ ఖాళీ. గొర్రెల్ని దొడ్లలోంచి వదిలేశారు. ఊరంతా తెల్లబట్టలు కట్టుకుని చర్చి ముందు కూర్చుంది.

"కోట్ల ఏళ్ళన్నాను గదవ్వా!"

"మేం బెదరకూడదని అట్లా చెప్పినారులే సారూ. రాండి, కూసోండి."

ప్రేమానందం నల్లద్దం ఎత్తాడు. సూర్యుడికి అప్పటికే ఒక తొన లేదు.