అన్నయ్య ఓటు, మేనకోడలి పాస్‌పోర్టు

మొన్న పొద్దున ఇక్కడ అమెరికాలో, పార్సిప్పనీలో, కాఫీ తాగుతూ టీవీ పెడితే, బ్రిటన్ మళ్ళీ యూరోపియన్ యూనియన్‌లో చేరాలా వద్దా అని ఇద్దరు పెద్దమనుషులు వాదించుకుంటున్నారు. కట్టేశాను. మావారు వింతగా చూశారు. చెప్పొద్దూ, ఆ గొడవని ఇన్నేళ్ళూ మోసి మోసి నాకు విసుగొచ్చేసింది.

మా అన్నయ్య ఇంగ్లండులో డాక్టరు. వదిన పోయాక ఏటా వేసవికి మా ఇంటికొచ్చేవాడు, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉద్యోగం చేసే వాడి కూతురూ సెలవు పెట్టి వచ్చేది. అమ్మని ఆఖరి రోజుల్లో తన దగ్గర ఉంచుకుందామంటే వీసా రాలేదని, పక్కింటి యూరప్ వాళ్ళు మాత్రం ఏ వీసా లేకుండానే తల్లిని తెచ్చుకున్నారని అన్నయ్య కడుపుమంట. వాళ్ళని ఆపితే మనవాళ్ళకి దారి దొరుకుతుందని గట్టిగా నమ్మాడు, పాపం. అలా నమ్మినవాళ్ళు మనలో ఎంతమందో.

మా పుట్టింట్లో కోపమొస్తే ఎదురెదురుగా కూర్చునే మాట్లాడుకోరు, మధ్యలో ఒకరిని పెట్టుకుంటారు, ఆ ఒకరు ఎప్పుడూ నేనే. బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి విడిపోవాలా వద్దా అని పెట్టిన ఓటింగుకి ముందు ఒక రోజు నేను పెసరట్లు వేస్తుంటే, మేనకోడలు తన ఇంగ్లీషు యాసలో, "నాన్నకి చెప్పత్తా, నాయనమ్మకి వీసా ఇవ్వనిది యూరప్ కాదు, ఇంగ్లండే" అంది. అన్నయ్య పెసరట్టు సగంలో వదిలేసి లేచి వెళ్ళిపోయాడు. ఇంగ్లండు తిరిగెళ్ళి విడిపోదామనే ఓటేశాడు. తండ్రికి తగ్గ కూతురు కదా, తనూ ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళి అక్కడి పౌరసత్వం తీసుకుని, ఆ దేశం రూలు ప్రకారం బ్రిటిష్ పాస్‌పోర్టు వదిలేసుకుంది. అప్పట్నుంచీ ఆదివారం ఇద్దరూ విడివిడిగా నాకే ఫోన్ చేసేవాళ్ళు, ఇటు మాట అటూ అటు మాట ఇటూ చేరవేస్తూ నేను ముసలిదాన్నయిపోయాను. కోపం ఎప్పుడో చల్లారింది, అలవాటు మాత్రం పోలేదు.

ఈ మధ్య అన్నయ్య బాత్‌రూమ్‌లో పడి మంచం పట్టాడు. తను వచ్చి వాడి దగ్గరే ఉండిపోతానని కూతురు నాతో అంది. చూసిపోవడానికైతే ఎప్పుడైనా రావచ్చట, ఉండిపోవాలంటే మాత్రం ఇంగ్లండు అనుమతి కావాలట. అప్లై చేసి నెలలయింది, ఇంకా తేలలేదు.

పోయిన ఆదివారం అన్నయ్య, దాన్ని తొందరగా రమ్మని చెప్పవే అన్నాడు. నాకు ఓపిక లేదు, నువ్వే ఫోన్ చెయ్యి అన్నాను. వాడు నెమ్మదిగా, దాని నంబరు నా దగ్గర లేదే అన్నాడు. నాకు దుఃఖం ఆగలేదు.

నంబరు ఒక్కో అంకే చెప్పాను, తడబడుతూ రాసుకున్నాడు. మా చిన్నప్పుడు అందరం ఒకే కప్పు కింద ఉండేవాళ్ళం గనక ఎంత కోపమైనా అన్నాల వేళకి దిగిపోయేది. ఇప్పుడు తలో దేశంలో ఉన్నాం, ఎవరి అన్నం వాళ్ళు తింటూ ఎన్నేళ్ళయినా అలిగి ఉండొచ్చు.