మేనత్త దాచుకున్న రోగం

మా పక్కింటి ఆంజనేయప్రసాద్‌ను ఈ జన్మలో క్షమించను. ఈ నిర్మలాదేవి నోరు మంచిది కాదని ఇంగ్లండులో మేముండే మిల్టన్ కీన్స్‌లో మనవాళ్లందరికీ తెలుసు, తెలియనివ్వండి.

అతని భార్య వరలక్ష్మి అతనికి సొంత మేనమామ కూతురే. 2012లో చెకప్‌కి వెళ్తే జీపీ, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్, ఆమెను, మీ కుటుంబంలో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చిందా అని అడిగాడు. పక్కనున్న ప్రసాద్ అందుకుని, తన తల్లి ముప్పై ఎనిమిదేళ్లకే గుండెపోటుతో పోయిందనీ, ఇంకెవరికీ ఏమీ లేదనీ చెప్పాడు. అత్తగారైన ఆ మేనత్తది గుండెజబ్బేనని వరలక్ష్మీ నమ్మింది. జీపీ ఇంకే పరీక్షా రాయకుండా ఇంటికి పంపేశాడు.

నాలుగేళ్లకు ఆమె ఎడమ రొమ్ము తీసేశారు. రక్తపరీక్షలో, ఈ క్యాన్సర్‌ను వంశంలో మోసుకొచ్చే బీఆర్‌సీఏ జన్యువులో లోపం ఉందని తేలింది. అది తండ్రి వైపు నుంచీ రావచ్చని డాక్టర్ అనగానే తెనాలిలో ఉన్న నాన్నకు ఫోన్ చేసింది.

"అక్కది గుండె కాదమ్మా, రొమ్ములో గడ్డే. ఎవరికీ చెప్పొద్దని నాచేతా, ప్రసాద్ చేతా ఒట్టు వేయించుకుంది," అన్నాడాయన.

ఆ ఆదివారం నేను పప్పు పట్టుకెళ్లేసరికి, వాళ్ల కూతురు లాస్యకూ ఆ పరీక్ష చేయించమని క్లినిక్ ఇచ్చిన ఉత్తరం బల్ల మీదుంది. ఆ పిల్లకు పద్దెనిమిది నిండాయి.

"దానికి నా నుంచీ రావచ్చు, నీ నుంచీ రావచ్చు. నువ్వూ పరీక్షకి రక్తం ఇవ్వు బావా," అంటోంది వరలక్ష్మి.

"చచ్చిన మా అమ్మని వీధిలోకి లాగుతావా?"

ఉత్తరం చింపాడు. ముక్కల కోసం చేయి చాచిన ఆమె జుట్టు పట్టుకుని తల బల్లకేసి కొట్టాడు. పన్ను ఊడి పడింది. ఆపరేషన్ అయిన వైపే మోకాలితో పొడిచాడు. నేను అట్లపెనం తీసి అతని మోచేతి మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడైంది. సంతోషం వేసింది, అబద్ధమెందుకు.

మేడ మీంచి పరుగెత్తుకొచ్చిన లాస్య పోలీసులను పిలిచింది.

"మా అమ్మకి మాటిచ్చాను లాస్యా," అన్నాడు వాళ్లు తీసుకెళ్తుంటే.

"సో యూ లెట్ మై మదర్ గెట్ క్యాన్సర్," అంది ఆ పిల్ల.

అతను ఇంటి ఛాయలకు రాకూడదని కోర్టు చెప్పింది. మార్చిలో లాస్య రక్తపరీక్ష ఫలితం వచ్చిన రోజు నాకు ఫోన్ చేశాడు.

"నిర్మలగారూ, నా కూతురికి ఏమని వచ్చిందండీ?"

లోపం ఉందని చెప్పాను. ఎవరి వైపు నుంచి వచ్చిందో ఇంకా తెలియదు. అయినా "మీ అమ్మదే" అన్నాను. అతను వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను ఫోన్ పెట్టకుండా చివరిదాకా విన్నాను.