అంకుల్ ఇచ్చిన కంపు సీసా

కెనడాలోని ఎడ్మంటన్‌లో మేం అద్దెకున్న ఇంటి అంకుల్ పోయారన్న వార్త పోయిన నెల ఒక ఆదివారం మధ్యాహ్నం వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఆయన బేస్‌మెంట్‌లో అద్దెకున్నవాళ్ళు, శనివారాలు వచ్చిపోయినవాళ్ళు అందరూ ఉన్న గ్రూపు అది. బర్నబీలో ఉండే ఆయన కూతురు ఇంగ్లీషులో రెండు వాక్యాలు పెట్టింది. పది నిమిషాలు తిరక్కుండా చేతులు జోడించిన బొమ్మలు వరస కట్టాయి. "లెజెండ్" అని ఒకరు, "ఆ సైడర్ మళ్ళీ దొరకదు" అని ఇంకొకరు. వీళ్ళలో సగం మంది ఆయన వెనక "సారా అంకుల్" అని పిలిచి పకపకా నవ్వినవాళ్ళే. చదువుతుంటే ఒళ్ళు మండిపోయింది. ఆ పేరు పెట్టింది నేనేనన్న సంగతి కాసేపటికి గుర్తొచ్చింది.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు అంతా పరిమళంగా రాయాలంటారు. నేను రాయలేను. ఆ ఇల్లు కంపు కొట్టేది.

ఏ బస్ ఎక్కినా వెనక సీట్లోంచి తెలుగు వినిపించే రోజులవి. కాలేజీలు మమ్మల్ని విమానాల నిండా దింపుకున్నాయి గానీ, ఉండే చోటు ఎవరూ చూపించలేదు. ఒక్క గదిలో ఐదుగురం పడుకుని, బాత్‌రూమ్ దగ్గర క్యూ కట్టి విసిగిపోయాక ఈ బేస్‌మెంట్ దొరికింది. అమ్మాయిలం ముగ్గురం చేరాం. పైన అంకుల్ ఒక్కరే ఉండేవారు. కెమికల్ ఇంజనీరుగా రిటైరయ్యారు. ఆంటీ పోయి అప్పటికి రెండేళ్ళు. ఆయనది గుంటూరు వైపు, నాది కరీంనగర్. నా గది, ఇల్లు వెచ్చబెట్టే యంత్రం ఉండే ఫర్నెస్ రూమ్‌కి ఆనుకుని ఉండేది. మొదటి రోజే గోడవతల నుంచి "బుడుక్... బుడుక్" అని చప్పుడు. తలుపు తీస్తే మూతలు బిగించిన నాలుగు తెల్ల బకెట్లు, ఒక్కో మూతకీ నీళ్ళు నింపిన చిన్న గొట్టం, ఆ నీళ్ళలోంచి బుడగలు, బుడగల్లోంచి ఆ వాసన.

"ఏందంకుల్ ఈ వాసన?" అని చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని అడిగాను.

"పులుస్తోందమ్మా. ఇటువైపుది బీరు, అటువైపుది ఆపిల్ రసం పులిసి అయ్యే సైడర్. నీ దోసెల పిండి పులవదూ, అలాగే."

నా దోసెల పిండిని దాంతో పోల్చినందుకు ఆ రోజు నేను అన్నం తినలేదు. ఆయన బార్లీ ఉడకబెట్టిన రోజు ఇల్లంతా కుడితి వాసన. ఆ తర్వాత వారం రోజులు కుళ్ళిన అరటిపండునీ తడి సాక్సునీ ఒకే డబ్బాలో మూసిపెట్టినట్టు ఉండేది. నా జాకెట్‌కి అంటుకుని క్లాసుకి కూడా వచ్చేది. పక్కన కూర్చున్నవాళ్ళు ఒక సీటు జరిగి కూర్చున్నారని నా నమ్మకం. ఆ కోపంతోనే "సారా అంకుల్" అని పేరు పెట్టాను. పేరు నాలుగు ఇళ్ళు తిరిగి ఊరంతా పాకింది.

సెప్టెంబరు వస్తే ఆయన నిచ్చెన కారుకి కట్టుకుని వీధులు తిరిగేవారు. అక్కడ చాలా పెరళ్ళలో ఆపిల్ చెట్లుంటాయి. కాయలు చిన్నవి, పులుపు. రాలి కుళ్ళుతుంటే ఇంటివాళ్ళు విసుక్కుంటారు. ఈయన తలుపు కొట్టి అడిగి, కోసి, కింద ఊడ్చి మరీ వచ్చేవారు. గరాజ్‌లో కూర్చుని ఒక్కో కాయా కోసి, పురుగున్నది పక్కన పడేసేవారు. ఆ కుప్పకి దూరంగా నడిచేదాన్ని. కందిరీగలు ఒకవైపు, జిగట ఒకవైపు.

"తాగాలంటే కొట్లో దొరుకుతుంది కదంకుల్. ఎందుకింత కష్టం?"

"కొట్లో సీసా దొరుకుతుందమ్మా. రసం పోసిన మర్నాడు ఇలా పక్కన కూర్చుని మొదటి బుడగ కోసం చెవి పెట్టుకుని వినడం, అది ఎక్కడ కొంటావు?"

నిజానికి ఆయన తాగేది ఆదివారం భోజనానికి ముందు ఒక చిన్న గ్లాసు. దాన్ని కిటికీ వెలుతురుకి పట్టుకుని చూసినంతసేపు కూడా తాగేవారు కాదు. మిగతాదంతా శనివారం సాయంత్రాలు వచ్చే పెద్దమనుషులు తాగేవారు. ఇంట్లో భార్యలకి ఆపిల్ జ్యూస్ అని చెప్పేవాళ్ళు. పల్లీ తొక్కలు కార్పెట్ మీద పడేసి, గ్లాసులు ఎక్కడివక్కడ వదిలేసి, మూతులు తుడుచుకుని పోయేవాళ్ళు. ఆయన మాత్రం ఒక్కొక్క గ్లాసూ వేడినీళ్ళలో కడుక్కునేవారు. "కడగడమే మన పని, మిగతాది ఈస్ట్ చూసుకుంటుంది" అనడం ఆయనకి అలవాటు. ఒకసారి మా వంటగదిలోకి తొంగిచూసి, "ఏవమ్మా, నా బకెట్లు కంపంటావు, మీ సింకు చూస్తే నాకు వాంతొస్తోంది" అన్నారు. కొత్తగా చేరిన అమ్మాయితో సహా ముగ్గురం తలలు దించుకున్నాం. ఆ సింకు నిజంగానే అసహ్యంగా ఉంది.

ఆ సిగ్గుతోనే కావచ్చు, మరుసటి శనివారం నేను శుభ్రం చేయడానికి పూనుకున్నాను. ఫర్నెస్ రూమ్‌లో ఒక పాత ఫ్రిజ్ ఉండేది, ఆయనకీ మాకూ కలిపి. దాంట్లో వెనకమూల ఒక గాజు సీసా, అడుగున బూడిదరంగు ముద్ద, పైన గోధుమరంగు నీళ్ళు. ఎవరో వదిలేసిన దోసెల పిండి చెడిపోయిందనుకున్నాను. మా ఫ్రిజ్‌లో అలాంటివి ఎన్ని చూడలేదు! ఊపిరి బిగబట్టి టాయిలెట్‌లో పారబోసి, సబ్బుతో, స్టీలు పీచుతో మూడుసార్లు తోమి, టవల్ మీద బోర్లించాను.

అంకుల్ కిందికొచ్చి, బోర్లించిన ఆ సీసా ముందు చాలాసేపు నిలబడ్డారు.

"ఇందులోది ఎవరు తీశారమ్మా?"

"నాకు తెల్వదంకుల్. పోయిన నెల ఖాళీ చేసిన అమ్మాయి పారబోసిందేమో. నేను ఉత్త సీసా కడిగిన అంతే."

ఎంత సులువుగా వచ్చిందో ఆ అబద్ధం! ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే రోత.

"అది ఈస్టమ్మా. పెరుగుకి తోడు తీసినట్టు ప్రతిసారీ అడుగున మిగిలింది తీసి దాచేది మీ ఆంటీ. ఒక్క చుక్క ముట్టేది కాదు, వాసనకి ముక్కు చిట్లించేది. అయినా ఇన్నేళ్ళూ చావనివ్వలేదు."

మధ్యాహ్నం నా గది కిటికీలోంచి ఆయన బూట్లు కనిపించాయి. బేస్‌మెంట్ కిటికీలోంచి ఎవరివైనా కాళ్ళే కనిపిస్తాయి. మంచులో రోడ్డు దాటి ఎదురింటికి వెళ్ళారు. ఆ ఇంటి ముసలాయనకి ఎప్పుడో ఈ ఈస్ట్ ఇచ్చారట. చేతిలో స్టీలు గిన్నె. పక్కింటికి తోడు కోసం వెళ్ళినట్టే వెళ్ళి, గడ్డకట్టకుండా గిన్నెని కోటులో దాచుకుని వచ్చారు. నేను కర్టెన్ వేసేశాను.

చదువయ్యాక, ఆ దేశంలోనే స్థిరపడే అనుమతి, పీఆర్ కోసం విన్నిపెగ్ వెళ్ళిపోతుంటే, గుమ్మంలో ఒక చిన్న సీసా నా చేతిలో పెట్టారు. అదే బూడిదరంగు ముద్ద.

"నాకెందుకంకుల్? నేను తాగను కదా."

"తాగమనట్లేదు. ఫ్రిజ్‌లో ఒక మూల పడుంటుంది." నవ్వారు. "ఈసారి కడగకు."

అంటే ఆయనకి మొదటి నుంచీ తెలుసు. "సారీ అంకుల్" అన్న రెండు మాటలు నా నోట్లోంచి రాలేదు. టాక్సీ ఎక్కేశాను.

గ్రూపులో దండాల బొమ్మలు సద్దుమణిగిన రెండు వారాలకి బర్నబీ నుంచి ఆయన కూతురు ఇంకో మెసేజ్ పెట్టింది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు కూలికొచ్చిన మనుషులు ఫ్రిజ్ తీసి పడేశారట. ఎదురింటాయన ఎప్పుడో ఇల్లమ్మి వెళ్ళిపోయారట. అమ్మ దాచిన ఈస్ట్ మీలో ఎవరి దగ్గరైనా ఉందా, నాకు మా ఇంటి వాసన కావాలి, అంది. అంతమంది తాగారు, అన్ని పొగడ్తలు రాశారు, ఒక్కడి దగ్గరా లేదు. అందరూ చదివి నోరు మూసుకున్నారు.

నా దగ్గర ఉంది. మూడు కవర్లలో చుట్టి, తిట్టుకుంటూనే, మారిన ప్రతి ఇంటికీ మోసుకెళ్ళాను. బతికుందో లేదో మాత్రం తెలియదు. అది చచ్చిపోయి ఉంటే, ఆంటీ దాచినది రెండోసారి పోగొట్టింది కూడా నేనే అవుతాను. ఆయన చెప్పినట్టే పెద్ద సీసా వేడినీళ్ళలో కడిగి, ఆపిల్ రసం పోసి, ఆ ముద్ద కలిపి, మూత వదులుగా పెట్టాను. మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజూ లేదు. మూడో రోజు సీసాకి చెవి ఆనించి కూర్చున్నాను. ఏ చప్పుడూ లేదు. ఏడ్చాను.

నాలుగో రోజు పొద్దున డ్యూటీకి బయల్దేరుతూ వంటింట్లోకి అడుగుపెట్టగానే గుప్పుమంది. కుళ్ళిన అరటిపండు, తడి సాక్సు. సగం రసం ఇంకో సీసాలోకి వంచి, దాని మీద "బర్నబీ" అని రాశాను. రెండు సీసాలూ టవల్ మీద పక్కపక్కన పెట్టి, జాకెట్ జిప్ పైకి లాగి, ముక్కు మూసుకోకుండా అక్కడే నిలబడ్డాను. బస్ వెళ్ళిపోయింది.