తెగని పడుగు, పడుకున్న సీసాలు

ఇందుమూలంగా యావన్మంది సీసా ప్రియులకు తెలియజేయునది ఏమనగా: వైన్ సీసాను నిలబెట్టి దాచేవాడు మనిషి లెక్కలోకి రాడు. పడుకోబెట్టేవాడే మనిషి. ఈ శాసనం చేసిన మా మేనమామ మొన్న సోమవారం సిరిసిల్లలో, బిడ్డ ఇంట్లో కన్నుమూశాడు. పక్కకు ఒత్తిగిలి పడుకునే పోయాడట. చెప్పిందే చేసే మనిషి.

చందుర్తి దగ్గరి పల్లెలో ఆయనది గుంట మగ్గం. నేసేటప్పుడు తొక్కుడు కట్టెల మీద కాళ్లు పెట్టుకునే ఆ గుంట నడి ఎండాకాలంలో కూడా చల్లగా, చెమ్మగా ఉంటుంది. కోరుట్ల నుంచి వచ్చే చర్చి అయ్యగారు ఆరాధన కోసం నల్లద్రాక్షతో వైన్ ఇంట్లోనే ఊరబెట్టేవాడు. ఆయనది రేకుల ఇల్లు. వేడికి వైన్ పుల్లబడేది. అట్లా సీసాలు మామ గుంటలోకి చేరాయి. ఆరాధనకు పోగా మిగిలింది సాయంత్రాలు మా ముగ్గురికి. గ్లాసులు చిన్నవి, ముచ్చట్లు పెద్దవి.

"నిలవెడితె ఏమైతదే మామా?"

"బెండు బిరడ ఎండుతది, గాలి జొర్రుతది, పుల్లగైతది. నువ్వు గూడ గంతే అల్లుడా, పొద్దంత చౌరస్తల నిలవడి పుల్లగైనవ్."

అయ్యగారు నవ్వేవాడు. "ఇంత మంచిగుంటె, అందరు వైన్స్ దుకాణంకెందుకు ఉరుకుతరు కాకా?"

"వైన్స్‌ల వైన్ తప్ప అన్ని దొరుకుతయి అయ్యగారూ! జల్ది మింగేటిది మందుగోలి. దీన్ని పుక్కిట వట్టి అడుగాలె, నీది ఏ తోటనే అని."

అవి అన్నల రోజులు, ఊళ్లల్లో నక్సలైట్ల మాటే చెల్లేది. సారా బంద్ పెట్టారు. అమ్మినా, దాచినా నలుగురి ముందు దండన. ఎవరు చెప్పారో గానీ ఒక సాయంత్రం దళం మామ వాకిట్లోకి వచ్చింది. అయ్యగారు నా పక్కనే ఉన్నాడు. సీసాలు తనవని తేలితే ఇక ఆ ఊళ్లో ఆయన వాక్యం చెప్పలేడు. ముఖం సున్నం కొట్టిన గోడ అయింది. ఆయన నోరు తెరవబోతుండగానే మామ మగ్గంలోంచి అందుకున్నాడు.

"నాయే అన్నా. దాసింది నేనే."

"అయితె తీసి పలగ్గొట్టు."

"పలగ్గొడుత. గని సీసలు తొక్కుడు కట్టెల కింద ఉన్నయ్. అవి ఇప్పితె పడుగు ఆగమైతది. గిది మా ఇంటి బువ్వ. ఈ పడుగు తెగినంక నేనే పలగ్గొడుత."

రోజూ చెయ్యి పెట్టి తీసే సీసాలకు మగ్గం ఎందుకు విప్పాలో నేను అడగలేదు. దళం పెద్ద మగ్గం మీద సాగిన నిలువు పోగుల వంక, ఆ పడుగు వంక చూశాడు. "పనోని పడుగు ఆగం చేసుడు మా పని గాదు. తెగినంకనే పలగ్గొట్టు" అని వెళ్లిపోయాడు.

ఆ దళం పెద్ద నేత తెలియనివాడు. పడుగు అయిపోవస్తుంటే నేతగాడు తెంపడు. పాత పోగుల కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే మెలిపెట్టి అతుకుతాడు. మామ అన్నల కాలమంతా అతుకుతూనే ఉన్నాడు.

"మాట తప్పినట్టు గాదా కాకా?" అన్నాడు అయ్యగారు ఒకరోజు.

"పడుగు తెగలే, మాట తెగలే."

"మరి నాయే అని నువ్వెందుకు మీదేసుకుంటివి?"

మామ గ్లాసు కింద పెట్టాడు. "సీస ఒరిగితెనే బెండు తడిగుంటది. దోస్తు కోసం నేను గింత ఒరిగితె ఏం వోయింది?"

అయ్యగారు తన గ్లాసులోది సగం మామ గ్లాసులో ఒంపాడు, నేనూ ఒంపాను. నాకది అలవాటు లేని పని.

మామను మట్టి చేసి వచ్చాక అయ్యగారూ నేనూ పల్లెలోని ఆయన పాత ఇంటికి వెళ్లాం. మగ్గం మీద ఆఖరి పడుగు దుమ్ము పట్టి, తెగకుండా అట్లాగే ఉంది. గుంటలోకి వంగి చూశాం. సీసాలు నిండుగా, వరసగా పడుకుని ఉన్నాయి.

నిండుగా అన్నది మాత్రం నేను అల్లింది. అన్నీ ఖాళీయే. అయినా ఒక్కటీ నిలబడి లేదు. గుంట చెమ్మకు బిరడాలు ఇంకా తడిగానే ఉన్నాయి.