డెవస్టేటెడ్ అని రాసింది నేనే

అప్పట్లో నేను కొండాపూర్‌లో ఓ చిన్న ఇంగ్లిష్ మీడియం బడిలో టీచర్ని. బాపట్ల నుంచి వచ్చి రెండేళ్లయింది. నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు ఒంటరి మనిషి. ఆ ఇల్లు ఆమె భర్త తన చేతులతో కట్టింది. ఆయన పోయాక నేనిచ్చే కిరాయి, రెండు గేదెలు, అంతే ఆమె బతుకు.

మా వెనకాల గుట్టను కంప్యూటర్ ఆఫీసుల కోసం పేల్చడం మొదలుపెట్టారు. రోజూ మధ్యాహ్నం ఈల వేసేవారు, ఆ వెంటనే నేల అదిరేది. మూడో నెలకి నడిమి గోడ పైనుంచి కిందిదాకా చీలింది.

"టీచరమ్మా, మండలాఫీసోళ్లకు ఇంగ్లీషుల కాయితం రాసియ్యి. తెలుగుల రాస్తే సదువుతలేరు," అంది.

గోడ డ్యామేజ్ అయిందని రాశాను. నెల దాటినా ఎవరూ రాలేదు. వెళ్లి అడిగితే గుమాస్తా కాగితం చూసి, "డ్యామేజ్ అంటే ఎవరు పట్టించుకుంటరమ్మా? జర గట్టిగ రాయుండ్రి" అన్నాడు.

ఆ సాయంత్రం నిఘంటువు ముందేసుకున్నాను. డెవస్టేటెడ్ అన్న మాట దగ్గర ఆగాను. తుఫాను ఊళ్లను తుడిచిపెట్టినప్పుడు, యుద్ధంలో పట్నాలు నేలమట్టమైనప్పుడు వాడతారని ఉంది. తుఫానంటే ఏమిటో మా వైపు వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక్క గోడ చీలికకు ఆ మాట మరీ పెద్దదని తెలుసు. అయినా ఇల్లంతా డెవస్టేటెడ్ అని రాశాను. రాశాక కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

వారంలో ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. ఆమె వాళ్లకు మజ్జిగ ఇచ్చింది. చీలిక కొలిచి, నా కాగితం చూస్తూ ఏదో రాసుకుని వెళ్లారు. తర్వాత నోటీసు వచ్చింది. ఇల్లు పూర్తిగా ధ్వంసమైందని యజమానే ఒప్పుకున్నందున అది నివాసయోగ్యం కాదు, పదిహేను రోజుల్లో ఖాళీ చేయాలి. పరిహారం ఊసే లేదు.

ఆఫీసుకు పరుగెత్తుకెళ్లాను. "ఆ మాట నేనే ఎక్కువ చేసి రాశానండీ. చీలింది గోడ ఒక్కటేనండీ."

"అంటే దొంగ అర్జీ పెట్టిన్రా?" అన్నాడు ఆఫీసరు.

అవునంటే ఆమె మీద కేసు, కాదంటే ఇల్లు పోతుంది.

తిరిగొచ్చి ఆమెకు చెప్పాను. "ఏం రాసినవ్ బిడ్డా? ఆ మాటకు అర్థమేంది?" అని అడిగింది.

"అంతా పోయిందని, పెద్దమ్మా."

ఆమె గోడ వంక చూసి, "అంత పోలేదు గద" అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

నాకు మదీనాగూడలో గది దొరికింది. ఆమె గేదెలు అమ్మేసి, గోపన్‌పల్లిలో తమ్ముడి ఇంటి వరండాలోకి చేరింది. ఒకసారి చూడబోయాను. తమ్ముడి భార్య నన్ను లోపలికి రమ్మనలేదు. పెద్దమ్మే మంచం మీద పక్కకు జరిగి నాకు చోటిచ్చి, "ఇల్లు కూలగొట్టిన్రా?" అని అడిగింది.

అప్పటికే కూలగొట్టి, చదును చేసి, చుట్టూ రేకులు పాతేశారు. ఇంకా కూలగొట్టలేదని చెప్పాను. ఆ తర్వాత మళ్లీ వెళ్లలేకపోయాను.