పదహారో ఫైల్లో అరవై ఒకటో గోడ

తొంభైల మధ్యలో నారాయణగూడలోని ఒక గృహనిర్మాణ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా చేరాను. అంతకు ముందు రెండేళ్లు చిక్కడపల్లి లైబ్రరీలో పోటీ పరీక్షల పుస్తకాలతో గడిపాను. ఉద్యోగం వచ్చాక కూడా అమ్మా నేనూ చిక్కడపల్లిలోనే రెండు గదుల పోర్షన్‌లో కిరాయికి ఉండేవాళ్లం. ఆఫీసుకి నడిచే వెళ్లేదాన్ని. ప్రొబేషన్ రెండేళ్లు. ఆ రెండేళ్లూ ఏ మెమో లేకుండా గడిస్తే ఉద్యోగం ఖాయమవుతుందని చేరిన రోజే చెప్పారు.

నాకు ఇచ్చింది ఇంటి మరమ్మతుల గ్రాంటు సీటు. వానలకు దెబ్బతిన్న చిన్న ఇళ్ల వాళ్లకు ప్రభుత్వం ఇచ్చే సొమ్ము అది. అప్పు కాదు, తిరిగి కట్టక్కర్లేదు. సగం ముందు, మిగతా సగం పని పూర్తయ్యాక, రెండు చెక్కులుగా ఇచ్చేవాళ్లం. మార్చి ఆఖరుకల్లా ఖర్చు కాని డబ్బు వెనక్కి పోతుంది. అందుకే మా ఆఫీసు ఏడాదిలో తొమ్మిది నెలలు నిద్రపోయి మూడు నెలలు పరుగెత్తేది.

నేను చేరిన మరుసటి ఏడు ఆగస్టులో వాన వారం పాటు వదలలేదు. అశోక్‌నగర్ వెనక నాలా పక్క బస్తీలో, చిక్కడపల్లి సందుల్లోని పాత మట్టి ఇళ్లలో చాలా గోడలు కూలాయి. సెప్టెంబరులో దరఖాస్తుల వాళ్లు మా మెట్ల మీద నుంచి రోడ్డు దాకా నిలబడ్డారు. రేషన్ కార్డు, ఇంటి పట్టా కాపీ, కూలిన గోడ ఫొటో జత చెయ్యాలి. ఫొటో లేకపోతే మా ఇన్‌స్పెక్టరు వచ్చి చూసేదాకా గోడను అట్లాగే ఉంచాలి. అదీ నియమం. ఫొటో తీయించే స్తోమత చాలామందికి లేదు.

ఆ వరసలో వచ్చిన ఒకామెకు ముప్పై అయిదేళ్లుంటాయి. పాలమూరు నుంచి వచ్చి నాలా పక్క బస్తీలో స్థిరపడ్డ మనిషి. మొగుడు పోయాడు, ఇద్దరు ఆడపిల్లలు, అత్త. పొద్దున్నే కూలీల అడ్డా మీద నిలబడి, ఏ మేస్త్రీ పిలిస్తే అతనితో వెళ్లి ఇసుక తట్టలు మోసేది. పాలిథిన్ కవరులోంచి ఫొటో తీసి నా బల్ల మీద పెట్టింది. కూలిన గోడ, చెల్లాచెదురైన మట్టిపెళ్లలు, వాటి ముందు ఒక ముసలావిడ.

"స్టుడియో ఆయన్ని బతిమాలి ఇంటిదాక తోల్కపోయిన మేడం. రెండు దినాల కూలి దీనికే పోయింది" అంది.

"సరే, పెట్టు. చూస్తాను" అన్నాను. ఆమె వెనక ఇంకా నలభై మంది ఉన్నారు.

"జర పైలం మేడం. ఇంకోటి లేదు."

ఆమె దరఖాస్తు నంబరు అరవై ఒకటి. ఫొటో వెనక పెన్సిల్‌తో నంబరు వేసి బుట్టలో పడేశాను. సాయంత్రం బుట్టలో ఉన్నవన్నీ నంబర్లు చూసుకుంటూ ఫైళ్లలో కుట్టాను.

డిసెంబరులో ఇన్‌స్పెక్టరుతో కలిసి ఆ బస్తీకి వెళ్లాను. ఆమె ఇంటికి గోడ ఉంది. పాత మట్టిగోడ కాదు, ఇటుక గోడ. పనిచేసిన చోటల్లా విరిగిన ఇటుకలు అడిగి తెచ్చుకుని, ఆదివారాలు తానే కట్టుకుందట. సగం ఇటుకలూ ముప్పాతిక ఇటుకలూ కలిపి కట్టినా వరసలు సూటిగా ఉన్నాయి.

"చలి పెడుతున్నది. ఇద్దరు ఆడపిల్లలు. గోడ లేకుంట ఎన్ని దినాలుంటం సార్?" అంది ఇన్‌స్పెక్టరుతో.

"ఫొటో ఉంటే చాలమ్మా, గోడ కట్టుకున్నా ఇబ్బంది లేదు" అన్నాడాయన. నావైపు తిరిగి, "చూడండి మేడం, ఫైల్లో ఉందా?" అన్నాడు.

నేను ఫైలు తిరగేశాను. ఫొటో లేదు. లేదనే చెప్పాను. ఆయన రిపోర్టులో 'నష్టం కనిపించలేదు' అని రాశాడు. ఇద్దరం పక్కింటికి వెళ్లాం. పక్కింటి వాళ్లు కూలిన గోడను కూలినట్టే వదిలేసి, గోనెపట్టాలు కట్టుకుని ఉన్నారు. వాళ్లకు మంజూరైంది.

జనవరి ఆఖర్లో జాబితా అంటించినప్పుడు ఆమె వచ్చింది. జాబితాలో తన పేరు లేదని ఎవరో చదివి చెప్పి ఉంటారు. గట్టిగా అరవలేదు.

"ఫొటో నీ చేతికే ఇచ్చిన మేడం."

"ఇచ్చి ఉంటే ఫైల్లో ఉండేది కదా?"

"నీ చేతికే ఇచ్చిన. ఆ దినం నువ్వు పచ్చచీర కట్టుకున్నవ్."

చుట్టూ ఉన్న వాళ్లు నా వైపు చూశారు. నాకు కోపం వచ్చింది. "ఇట్లా అందరూ ఇచ్చామనే అంటారు. నేనేం చెయ్యను?" అన్నాను. ఆ మాట నమ్మే అన్నాను. ఆమె కాసేపు అక్కడే నిలబడి, కొంగుతో ముఖం తుడుచుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

మార్చి మొదటి వారంలో ఆడిట్ కోసం ఫైళ్లన్నీ వరసగా పేర్చి చూస్తున్నాను. పదహారో ఫైలు తెరిచాను. అది చిక్కడపల్లి సందులో ఉండే ఒక పెద్దాయనది. ప్రెస్సులో అక్షరాలు కూర్చే పనిచేసి, కంటిచూపు తగ్గాక మానేసినాయన. అందులో ఒక ఫొటో ఉంది. కూలిన గోడ ముందు ముసలావిడ. ఫొటో తిప్పి చూశాను. 61 అని వెయ్యాల్సిన చోట 16 అని నా చేతిరాత.

పదహారో ఫైల్లో మిగతా కాగితాలు కూడా చదివాను. ఇన్‌స్పెక్టరు వెళ్లేసరికి పెద్దాయన గోడ బాగుచేయించుకున్నాడు. 'ఫొటో జతపరచబడినది, గ్రాంటుకు అర్హుడు' అని రిపోర్టు. మొదటి చెక్కు ఫిబ్రవరిలో ఇచ్చేశాం. ఆమె గోడ చూపించి ఆయనకు డబ్బిచ్చాం. జరిగింది అది.

ఆ రోజు ఫొటోను హ్యాండ్‌బ్యాగులో వేసుకుని ఇంటికి తీసుకెళ్లాను. ఎందుకని ఇప్పుడు అడిగితే సూటిగా చెప్పలేను. చించేద్దామని మాత్రం కాదు. ఆ మర్నాడు అరవై ఒకటో ఫైల్లో కుట్టేసి, ఎక్కడో దొరికిందని చెబితే సరిపోతుందేమో అనుకున్నాను. అప్పుడు పెద్దాయన ఫైల్లో ఫొటో ఎందుకు లేదని ఆడిట్ వాళ్లు అడుగుతారు. ఏమీ మాట్లాడకుండా ఉంటే ఎవరూ ఏమీ అడగరు. ప్రొబేషన్‌లో ఇంకా ఎనిమిది నెలలుంది. అన్నం తింటూ అమ్మతో చెబుదామనుకున్నాను, చెప్పలేదు.

పొద్దున్నే సూపరింటెండెంటు గారి బల్ల మీద ఫొటో పెట్టాను. ఆయన రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్న మనిషి. సుల్తాన్ బజార్ అవతల నుంచి సైకిల్ మీద వచ్చేవారు. నేను చెప్పిందంతా విని, ఫొటోను రెండు వైపులా చూశారు.

"ఇంకెవరికైనా చెప్పినవా?"

"లేదు సార్."

"గలతీ నీదే. కాయితం మీద పెట్టు."

"మెమో ఇస్తారా సార్?"

"ఇస్తరు. నేనే ఇయ్యాలె. పరేషాన్ గాకు, నౌకరీ అయితే పోదు" అన్నారు. ఆ తర్వాత కళ్లజోడు తీసి, "ముందుగాల ఆ పెద్దమనిషి ఇంటికి పో. ఆయన గోడ నిజంగ కూలిందా లేదా అరుసుకో. ఆయన అబద్ధమాడిండా, మనమే ఆయనతోని ఆడించినమా, అది తేలాలె" అన్నారు.

పెద్దాయన ఇల్లు మా పోర్షన్‌కి రెండు సందుల అవతల. కూరగాయల మార్కెట్‌లో కనబడితే పలకరించుకునేవాళ్లం. ఇన్‌స్పెక్టరుతో కలిసి వెళ్లేసరికి అరుగు మీద కూర్చుని పేపరు కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదువుతున్నాడు. విషయం చెప్పాను.

"నేను ఫొటో ఇయ్యలే బిడ్డా. నన్ను ఫొటో అడగనేలేదు" అన్నాడు. "మంజూరయిందన్నరు, చెక్కిచ్చిన్రు, తీసుకున్న. నా గోడ కూలలేదంటవా?"

"అట్లా అనట్లేదండీ."

"మరి ఏందనుడు?"

లోపలికి తీసుకెళ్లి చూపించాడు. వెనక గోడ కొత్తది. పాత మట్టి ఇంకా పెరట్లో కుప్పగా ఉంది. ఇరుగుపొరుగు ఇద్దరు వచ్చి, ఆగస్టు వానలో ఆ గోడ కూలిన మాట నిజమేనని సంతకాలు పెట్టారు. ఆయన అబద్ధమాడలేదు. గోడతోపాటు పైకప్పు పెంకులు కూడా జారిపోయాయి. రెండో చెక్కు వస్తే కప్పు వేయించుకోవాలని చూస్తున్నాడు.

అక్కడే చిక్కు వచ్చింది. ఆ ఏడాది డబ్బంతా అప్పటికే ఎవరికెంతో తేల్చేశాం. మిగిలింది ఇంకా ఇవ్వని రెండో చెక్కులే. ఫొటో లేకుండా మంజూరైన ఫైలు కాబట్టి పెద్దాయన రెండో చెక్కు ఆపాలి, పైవాళ్లు మళ్లీ ఒప్పుకున్నాకే ఇవ్వాలి. అది మార్చిలోపల అయ్యే పని కాదు. ఆపిన సొమ్మును అరవై ఒకటో దరఖాస్తుకు మొదటి విడతగా ఇద్దామని సూపరింటెండెంటు గారు నోటు రాశారు. లేకపోతే ఆ డబ్బు వెనక్కి పోతుంది, ఇద్దరికీ దక్కదు. నోటు కింద నా తప్పు నాలుగు వాక్యాల్లో నా చేతే రాయించారు.

ఆమెకు చెప్పడానికి అశోక్‌నగర్ అడ్డాకి వెళ్లాను. ఏడు గంటల వేళ. కోచింగ్ సెంటర్లకు పోయే వాళ్లు ఒకవైపు, పారలూ తట్టలూ పట్టుకున్న కూలీలు ఒకవైపు. ఆమె నన్ను చూసి గుంపులోంచి బయటికి వచ్చింది.

"ఫొటో దొరికింది. నేనే వేరే ఫైల్లో పెట్టాను. నంబరు తిరగేసి రాశాను. తప్పు నాదే" అన్నాను.

"నీ చేతికే ఇచ్చిన అన్న గదా."

"అవును."

"ఇంకేమన్నవ్ ఆ దినం? అందరు గట్లనే అంటరు అన్నవ్."

డబ్బు సంగతి చెప్పాను. నెలాఖరులోపల సగం వస్తుందని, రేషన్ కార్డు తీసుకుని రమ్మని చెప్పాను. ఆమె విన్నది కానీ, ధ్యాస అక్కడ లేదు.

"ఫొటో ఖరాబ్ కాలే గదా?"

"లేదు, బాగానే ఉంది."

"అది నాకిస్తవా?"

"ఫైల్లో ఉండాలమ్మా. ఆడిట్ వాళ్లు చూస్తారు."

"మా అత్త పోయింది, సంక్రాంతి ముంగట. ఆమె ఫొటో ఇంకోటి లేదు. పెండ్లప్పుడు సుత తీసుకోలే. గోడకోసమని నిలబెట్టిన, గంతే. మొన్న మాసికానికి ముంగట పెట్టనీకె ఏం లేకుండె."

అప్పుడు గుర్తొచ్చింది. జాబితా అంటించిన రోజు ఆమె వెంటనే కదలకుండా నిలబడింది గ్రాంటు కోసమే అనుకున్నాను.

కాపీ తీయించడానికి ఫొటో ఇమ్మని సూపరింటెండెంటు గారిని అడిగితే గడియారం చూసి, "గంట. దానికంటె ఎక్కువ బయటుండొద్దు. నువ్వే పట్టుకపో, నువ్వే తే" అన్నారు. ఆమె ఆ రోజు పని మానుకుని వచ్చింది. ఇద్దరం నారాయణగూడలో ఆమె ఆ ఫొటో తీయించిన స్టూడియోకే వెళ్లాం. స్టూడియో ఆయన నెగెటివ్‌లు ఉంచుకోడట. ఫొటోను మళ్లీ ఫొటో తీస్తానన్నాడు. గోడ వదిలేసి మనిషి వరకే పెద్దగా చెయ్యమంది ఆమె. డబ్బులు నేనిస్తానంటే వద్దంది. కొంగు ముడి విప్పి డబ్బులు లెక్కపెట్టుకుని, "సగం ఇయ్యి" అంది. సగం ఇచ్చాను.

మార్చి ఆఖరు వారంలో ఆమెకు మొదటి చెక్కు అందింది. ఆ సొమ్ముతో గోడకు సిమెంటు పూత వేయించి, ముందు వైపు తలుపు పెట్టించింది. అప్పటిదాకా వాకిలికి రేకు అడ్డం పెట్టుకునేవాళ్లట. వేసవిలో తనిఖీకి వెళ్లినప్పుడు తలుపు తీసి, మూసి, గొళ్లెం పెట్టి చూపించింది. నన్ను కూర్చోమంది. టీ ఇచ్చింది. రెండో చెక్కు కొత్త ఏడాది నిధుల్లోంచి వచ్చింది. తర్వాత ఆమెకు మా ఆఫీసుతో పని లేకపోయింది.

నాకు మెమో వచ్చింది. ప్రొబేషన్ ఆరు నెలలు పొడిగించారు. అమ్మకు అప్పుడే చెప్పాను. రెండు రోజులు అమ్మ నాతో సరిగ్గా మాట్లాడలేదు. పొడిగింపు తర్వాత ఉద్యోగం ఖాయమైంది. ఆ తర్వాత ఆ సీటులో నేనున్నంత కాలం ఫొటో వెనక నంబరుతోపాటు మనిషి పేరు కూడా రాసేదాన్ని. చిన్న పని. ముందే చెయ్యాల్సింది.

పెద్దాయన ఫైలు పైకి వెళ్లి తిరిగి రావడానికి పద్నాలుగు వారాలు పట్టింది. ఆ లోపల మార్కెట్‌లో నన్ను చూస్తే ఆయన మరో బండి దగ్గరికి వెళ్లిపోయేవాడు. చెక్కు జులైలో వచ్చింది. పోస్టులో పంపకుండా నేనే తీసుకెళ్లాను. ఆయన అరుగు మీద లేడు. తలుపు కొడితే వచ్చాడు. తలెత్తి చూస్తే పైన అప్పటికే కొత్త రేకులు ఉన్నాయి.

చెక్కు కళ్లకు దగ్గరగా పెట్టుకుని, అక్షరాలు కూర్చేవాడి ఓపికతో ఒక్కో మాటా చదివాడు. రిజిస్టరులో సంతకం పెట్టాడు.

"కప్పు వేయించారా?" అన్నాను.

"మే నెలల వేయించిన. వానలు ఆగవు గదా మీ కాయితాల కోసం" అన్నాడు. రిజిస్టరు నా చేతికి ఇచ్చి, కాస్త గొంతు తగ్గించాడు. "అల్లుణ్ణి పైసలు అడిగిన. ముప్పయ్యేండ్లు పనిచేసిన, ఎన్నడు ఎవ్వర్నీ అడగలే."

ఆ మనిషికి జరిగింది కూడా నా పెన్సిలు వల్లే. కానీ ఆ సంగతి ఏ నోటులోనూ రాయలేదు, రాసే చోటు లేదు. ఆయన నన్ను లోపలికి రమ్మనలేదు, వెళ్లమనీ అనలేదు. చెక్కును మడవకుండా పేపరు మధ్య పెట్టుకుని లోపలికి వెళ్లాడు. నేను సందు దాటి ఆఫీసు వైపు నడిచాను.